చెవి ఉండగానే వినవలసినవి

జూన్ 9, సోమవారం

టేప్‌రికార్డర్ సంచిలో పెట్టుకుని మస్తాన్ దుకాణానికి వెళ్లాను. వీణ క్యాసెట్ రెండో వైపు, పై స్థాయి మీటులు మొద్దుబారాయి. దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు. హెడ్డు మీద మురికి చేరిందని చెప్పాను. స్పిరిట్ పెట్టి తుడిచాడు, వేసి చూశాడు. "బాగనే పలుకుతాంది గదా పెద్దమ్మా" అన్నాడు. మళ్లీ తుడవమన్నాను. తుడిచాడు. ఈసారి చెవికి ఆనించుకుని విన్నాడు. నా ముఖం వంక చూశాడు. సంచిలో పెట్టి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి వేశాను. దుప్పటి కిందే.

జూన్ 10

టేప్‌రికార్డర్‌ను కుడి పక్క నుంచి ఎడమ పక్కకు మార్చాను. దుప్పటి కొంచెం తొలగింది.

దీని గురించి ఇంకేమీ రాయను.

జూన్ 12, గురువారం

మనవరాలు భార్గవి మళ్లీ పాట సగంలో మార్చింది. ఫోను లాక్కున్నాను. ఇంటర్ రెండో ఏడాది పిల్ల, ఒక్క పాటా చివరిదాకా వినదు. పల్లవి కాగానే వేలు జారుతుంది. ఈ ఇంటి నియమం తెలిసిందే. ఏది మొదలుపెట్టినా మొదటి పాట నుంచి చివరి పాట దాకా, వరస మార్చకుండా.

"అన్నీ బాగుండవు జేజీ. బాగలేనియి కూడా ఎందుకు వినాల?"

బాగలేనివి ఉన్నదాన్ని మొదలుపెట్టడమే తప్పు అన్నాను.

అన్నాక ఆలోచించాను. పెట్టె నిండా క్యాసెట్లే, పూర్తిగా వినదగినవి ఎన్ని? సినిమా క్యాసెట్లలో రెండు పాటల కోసం మిగతావి భరించాలి. పద్యాల క్యాసెట్ ఒకటి నిలుస్తుంది — హార్మోనియం కాస్త ఎక్కువైనా. భజనలది ఒక వైపు మాత్రమే. అన్నిటికన్నా వీణ. ఒక్క పాట బాగుంటే అది పాట. ఒకటి ముగిసి మరొకటి మొదలయ్యే ఖాళీలో, రాబోయే స్వరం మన గొంతులో ముందే కదలాలి. అప్పుడే అది ఆల్బమ్.

సాయంత్రం వీణ క్యాసెట్ రెండు వైపులా విన్నాను. కళ్లు మూసుకుని. హంసధ్వని మొదటి మీటు నుంచి చివరి మోహన దాకా ఒక్క గమకం తప్పిపోలేదు. పై స్థాయి కూడా గాజులా స్పష్టం. చెవికి ఏమీ కాలేదు. మస్తాన్ తుడిచింది ఆలస్యంగా పనిచేసింది, అంతే.

జూన్ 15

సునీత వంటింట్లోంచి వచ్చి ఎదురుగా నిలబడింది. "మూడుసార్లు పిలిచినా అత్తా." నోట్లో నోట్లో గొణిగితే ఎవరికి వినబడుతుంది అన్నాను. కాపురానికి వచ్చిన రోజు నుంచి గొంతు తగ్గించమని చెప్పింది నేనే. ఆ మాట ఆమె అనలేదు. లోపలికి వెళ్తూ, వీపు తిప్పాక ఏదో అంది. పూర్వం ఆ మాటలన్నీ వినబడేవి. విననట్టు ఉండేదాన్ని. కోడలికి ఆ మాత్రం ఇవ్వాలి.

ఇవాళ నిజంగానే వినబడలేదు.



జూన్ 19, గురువారం

ఇంకేమీ రాయనన్నాను. అయినా రాయాలి.

మధ్యాహ్నం వీణ క్యాసెట్ వేశాను. మొదటి వైపు అయింది. తిప్పి పెట్టి, బటన్ నొక్కి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను. కల్యాణి వచ్చింది. ఆలాపన, తానం, మృదంగం కలిసే చోటు — అన్నీ. తర్వాత చిన్న కీర్తన. మోహన అందుకుంటుండగా భుజం మీద చెయ్యి.

"ఏంది జేజీ, టేపు ఆపుకుని తల ఊపుతాండావు?"

చూశాను. ప్లే బటన్ పట్టుకోలేదు. పైకి లేచి ఉంది. చక్రాలు కదలడం లేదు. రెండో వైపు ఒక్క అంగుళమైనా తిరగలేదు.

భార్గవి నవ్వింది. నేను నవ్వలేదు. దాని నవ్వు ఆగిపోయింది.

జూన్ 20

ఇన్నాళ్లూ వింటున్నది చెవి కాదు. పూర్తిగా విన్నానని పన్నెండో తారీకున రాసిన మాట కొట్టేయాలి. కొట్టేయలేదు.

జూన్ 22, ఆదివారం

తెలిసిన క్యాసెట్ దేనితోనూ చెవిని పరీక్షించలేనని అర్థమైంది. జవాబులు ముందే వచ్చిన ప్రశ్నపత్రం అది. భార్గవిని పిలిచి, నేను ఎన్నడూ విననిది ఏదైనా పెట్టమన్నాను. ఎగిరి గంతేసింది. ఇయర్‌ఫోన్స్ తనే పెట్టింది.

కుడి చెవిలో ఏమీ లేదు. ఎడమ చెవిలో దూరాన ఎవరో బిందె కడుగుతున్నట్టు. పాడేది ఆడో మగో తెలియలేదు. చివరిదాకా కూర్చున్నాను. తీసి ఇచ్చి, బాగుంది అన్నాను.

"ఏ పాట బాగుంది?"

చీర కొంగు సర్దుకున్నాను. భార్గవి నా ఎడమ పక్కన నేల మీద కూర్చుంది. నాయనకు చెప్తానంది. వద్దన్నాను. మా అబ్బాయి రమణ రాతి పలకల లోడుతో హైదరాబాదు దారిలో ఉన్నాడు. లారీ నడిపేవాడికి దారిలో ఇట్లాంటి మాట చేరకూడదు. "అబద్ధం చెప్పొద్దని నువ్వే కదా నన్ను కొట్టినావు" అంది మెల్లగా. ఎడమ వైపు కూర్చుంది కాబట్టి వినబడింది.

కాలేజీ పుస్తకాల పేరు చెప్పి నంద్యాలలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఒప్పుకున్నాను.

జూన్ 28, శనివారం

నంద్యాల. గాజు కిటికీ ఉన్న చిన్న గది. చెవులకు పెద్ద ఇయర్‌ఫోన్స్, చేతిలో బటన్. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. మొదట్లో కొన్ని వినబడ్డాయి. తర్వాత లేవు. ఎంత ఎడంతో వస్తున్నాయో లెక్క కట్టి, ఆ ఎడంతో నొక్కుతూ పోయాను. పరీక్ష చేసే అమ్మాయి తలుపు తీసింది. "అవ్వా, నేనేమీ వేయనప్పుడు గూడా నొక్కుతాండారే" అంది. నవ్వుతూనే అంది. ఉద్యోగమంతా పరీక్ష హాళ్లలో పిల్లల చేతుల మీద కన్నేసి తిరిగిన లెక్కల టీచరును నేను. మళ్లీ మొదటి నుంచి చేయించింది.

డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. కుడి చెవి అయిపోయింది. ఎడమది వేగంగా దిగుతోంది. వయసు వల్ల వచ్చేది కాదట, నరం దెబ్బతింటోందట. మాత్రలు ఇచ్చాడు. ఆగవచ్చు, ఆగకపోవచ్చు. ఆగకపోతే ఆపరేషన్ చేసి లోపల మిషన్ పెడతారట. పాటలు వినబడతాయా అని అడిగాను. కలం పక్కన పెట్టాడు.

"మాట తెలుస్తుందమ్మా. పాట మాత్రం మీకు తెలిసిన పాటలా ఉండదు."

ఇంకా ఎంత కాలం అని భార్గవి అడిగింది. చెప్పలేనన్నాడు.

తిరుగు రైలు బొగద సొరంగంలోకి దూరగానే పిల్లలందరూ చెవులు మూసుకున్నారు. కొందరు నోళ్లు తెరిచి అరుస్తున్నారు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. చీకటి మాత్రం తెలిసింది.

జూలై 2

ఇంట్లో చెప్పాను. సునీత కళ్లు తుడుచుకుంది. ఫోనులో రమణ ఏదో చాలాసేపు మాట్లాడాడు. ఊ కొట్టాను. ఏమన్నాడో భార్గవిని అడిగి తెలుసుకున్నాను.

మాత్రలతో ముఖం ఉబ్బింది. షుగర్ పెరిగింది. ఎడమ చెవి మాత్రం కాస్త తెరుచుకుంది.

జూలై 4

ఒక నిర్ణయం. వీణ క్యాసెట్ ఇక వేయను. దానికి చెవి అక్కర్లేదని తేలిపోయింది, లోపలే ఉంది. ఉన్న కాస్త చెవినీ, ఇంకా లోపలికి చేరని వాటి మీదే ఖర్చు పెట్టాలి. చివరి దాకా వినదగినవి ఏరుకుని, కంఠతా పట్టి పెట్టుకోవాలి. చెవి పోయాక తీసి వినడానికి.

ఇంత వయసులో బుర్ర ఒప్పుకుంటుందా? తెలియదు. ఇదీ భయమే.

జూలై 6, ఆదివారం

భార్గవి ఒకదాని తర్వాత ఒక ఆల్బమ్ పెట్టింది. ఇయర్‌ఫోన్ ఒక్కటే, ఎడమ చెవిలో. మొదటి దాంట్లో ఒక పాట, మిగతాది నింపుడు. తీసేయ్. రెండోది అంతా ఒకటే తాళం. తీసేయ్. మూడోదాంట్లో గాయకుడు తన గొంతును తనే మెచ్చుకుంటున్నాడు.

"పేపర్లు దిద్దినట్టు వింటావేంది జేజీ. ఒక్కరన్నా పాస్ కారా?"

చివరికి ఒకటి నిలిచింది. గొర్రెలు కాసే ఇంటి ఒక రోజు. తెల్లారి దొడ్డి తలుపు తీయడంతో మొదలై, పొద్దు గూకాక తలుపు వేయడంతో ముగుస్తుందట. ఎనిమిది పాటలు. ఒకామె, ఒక డప్పు, ఒక పిల్లనగ్రోవి. పాడినామెది హనుమంతునిపాడు వైపు యాస. మొదటి పాట అయ్యాక వచ్చే ఖాళీలో గంటలు మాత్రం మోగుతాయి — మంద రోడ్డెక్కింది. రెండో పాట ఆ గంటల నడక మీదే అందుకుంటుంది. విడదీస్తే రెండూ చచ్చిపోతాయి. వరసంటే ఇది.

భయం లేకుండా గడిచిన గంట ఇవాళ ఒక్కటి ఉంది.

జూలై 10

రోజూ పొద్దున, ఇల్లు సద్దుమణిగాక. ఒక పాట కంఠతా వచ్చాకే తర్వాతి పాట. పిల్లనగ్రోవి పైకి వెళ్లినప్పుడు నాకు అందడం లేదు. భార్గవి ఎదురుగా కూర్చుని చెయ్యి ఎత్తి చూపిస్తోంది — ఇంత పైకి పోయింది, ఇక్కడ వణికింది, ఇప్పుడు దిగింది. దాని చేతిని చూస్తూ మిగతాది ఊహించుకుంటున్నాను. నాలుగో పాటలో గొర్రెపిల్ల తప్పిపోతుంది. అక్కడ దాని చెయ్యి చాలాసేపు గాలిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు పల్లవి కాగానే వేలు జార్చడం లేదు ఆ పిల్ల. ఆ సంగతి దానితో అనలేదు.

జూలై 13

సునీత ఇప్పుడు నాకు ఎడమ పక్కకే వచ్చి మాట్లాడుతోంది. కొళాయి దగ్గర పక్కింటావిడ కూడా ఎడమకే వచ్చింది. నేను చెప్పలేదు. అంటే అందరికీ తెలుసు. వీధిలో వెళ్లే బడి పిల్లలు కూడా రేపో మాపో నా ముందే నన్ను అనుకరిస్తారు. నాకు తెలియను కూడా తెలియదు.

జూలై 20, ఆదివారం

లేచేసరికి ఎడమ చెవిలో హోరు. సముద్రం పక్కన పడుకున్నట్టు. భార్గవి ఐదో పాట పెట్టింది. దూరాన వాన కనబడి రాకుండా పోయే పాట. అన్ని స్వరాలూ ఒకటే స్వరంగా వచ్చాయి. భార్గవి ముఖం చూసి తల ఊపాను. అది నమ్మలేదు.

సాయంత్రానికి కాస్త తెరిపి. మాత్ర పెంచమని డాక్టరు ఫోనులో చెప్పాడట.

జూలై 24

పరీక్ష పెట్టుకున్నాను. ఫోను లేదు, టేపు లేదు. కుర్చీ, నేను. మొదటి పాట వచ్చింది. గంటలు వచ్చాయి. రెండు, మూడు. నాలుగో దాంట్లో పిల్లనగ్రోవి రావలసిన చోట కల్యాణి వచ్చింది. పక్కకు నెట్టాను. మళ్లీ అదే వీణ. ఎన్నో ఏళ్లుగా కూర్చున్నది, కొత్తవాళ్లకు జాగా ఇవ్వడం లేదు.

మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అక్కడే.

ఆగస్టు 1

ఆరో పాట కొంత. ఏడో పాట మాటలు భార్గవి కాగితం మీద రాసి ఇచ్చింది. రాగం కాగితం మీద రాదు.

ఆగస్టు 6

పొద్దున కుక్కర్ ఆవిరి కనబడింది. కూత లేదు. సునీత గబగబా వచ్చి స్టవ్ ఆపింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆగస్టు 10, ఆదివారం

ఇయర్‌ఫోన్‌లో ఏమీ రావడం లేదు. భార్గవి సౌండ్ పూర్తిగా పెంచింది. చెవిలో అదురు మాత్రం. ఎనిమిదో పాట నేను ఇంకా వినలేదు. మంద దొడ్డికి చేరిందో లేదో నాకు తెలియదు.

భార్గవి ఫోను పక్కన పడేసింది. ఎడమ పక్కకు వచ్చి, నా తల తన వైపు వంచుకుని, నోరు చెవికి ఆనించింది. పాడింది. అందినంత అందింది. ఎక్కడో కింది నుంచి సన్నగా ఒక గీత, అదీ తెగి తెగి. రెండో చరణంలో శ్రుతి జారినట్టనిపించింది. జారింది దాని గొంతో, నా చెవో తేల్చుకోలేకపోయాను. దిద్దలేదు. ఆ పిల్ల తప్పును దిద్దకుండా వదలడం ఇదే మొదలు.

తర్వాత గీత పోయింది. దాని చెయ్యి నా మెడ చుట్టూ అట్లాగే ఉంది. వెచ్చటి ఊపిరి చెవికి తగులుతూనే ఉంది, ఆగి, మళ్లీ తగులుతూ. పాడుతోందా, అయిపోయి ఊరికే ఊపిరి తీసుకుంటోందా —

అడగలేదు. కదలకుండా కూర్చున్నాను.