మా పడవకు చక్రాలు

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు మార్త ప్రేమతో రాస్తున్నది. మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. నీ దగ్గు తగ్గిందా? బావగారు సముద్రం మీద వేటకు వెళ్తున్నారా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? మా గురించి బెంగపడకు. నాకు ఓపిక ఒక్కటే అయిపోయింది, మిగతావన్నీ ఉన్నాయి.

బద్వేలు ఎండ గురించి ఏం రాయను! చీర ఆరేసి బక్కెట్టు బోర్లించేలోపు ఎండిపోతుంది. రాగిసంగటి అలవాటైంది. కానీ చేపలు పట్టే ఇంట్లో ఉండి కూడా మన ఎండుచేపలకు మొహం వాచిపోయాను. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని పంపు.

ఇక మా ఆయన, అదే నీ మరిది సంగతి. రిజర్వాయరులో చేపల కోసం పాత అల్యూమినియం పడవ కొన్నామని ఫోనులో చెప్పాను కదా. మేం వచ్చినప్పుడు నీళ్ళు ఇంటికి దగ్గరే. వేసవి ముదిరేకొద్దీ అవి వెనక్కి పోతూనే ఉన్నాయి. రాళ్ళ మీద ఈడ్చి ఈడ్చి పడవ అడుగున చిల్లి పడింది. దాన్ని అతికించాక, మన గూడ్సు ఆటో వెనక తగిలించడానికి ఒక పాత ట్రాలీ తెచ్చాడు. ఇటుకలు మోసిన ట్రాలీ అక్కా! పడవేమో పొడుగు, ఇదేమో పొట్టి. పడవ అడుగు కోసుగా ఉంటుంది, ఇది బల్లలా ఉంది.

"పొట్టిదైతే ఏం, తాళ్ళతో కడతాను" అన్నాడు. వద్దన్నాను. వింటాడా?

వెల్డింగు షాపు మస్తాన్, ట్రాలీ పక్క రేకులు కోస్తూ ఒకటే నవ్వు. "ఏమప్పా, పడవను రోడ్డు మీద తోల్తావా? మా చెరువులో గొర్రెలు మేస్తాండాయి!" నీ మరిది మొహం మాడ్చుకున్నాడు.

పడవ ఎక్కించి బయలుదేరాం. బరువంతా వెనకే. మొదటి మిట్ట ఎక్కేసరికి ట్రాలీ ముక్కు పైకి లేచింది, ఆటో వెనక భాగాన్నీ లేపింది. తాడు తెగి, పడవ జారి రోడ్డు మధ్యలో కూర్చుంది. వెనకాలే బస్సు. కండక్టరు దిగి, "ఏమ్మా, ఏరు యాడుండాది?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నీ మరిది రోడ్డు పక్కన కూలబడి, "దీన్ని అమ్మేసి ఊరికి పోదాం. అక్కడైతే కేకేస్తే పదిమంది భుజం పడతారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఆ పదిమందిలో సగం హైదరాబాదు కూలికి పోయారు. ఎవరిని కేకేస్తావు?" అన్నాను. ఆయన లేచి తెగిన తాడు ముడేశాడు. అన్నందుకు నాకూ బాధేసింది.

చేసేదేముంది, మళ్ళీ మస్తాన్ దగ్గరికే. ఈసారి నవ్వలేదు. పడవకు పడిన సొట్ట తడిమి చూశాడు. "ఇరుసు వెనక్కి జరపాలమ్మా. బరువు ముందరికి రావాల." ఇరుసు జరిపాడు, ముందు కడ్డీ పొడిగించాడు. పడవ అడుగుకు తగ్గట్టు రెండు పొడవాటి చెక్కలు ఏటవాలుగా బిగించాడు. చెక్కల మీద పాత టైరు ముక్కలు నేనే కొట్టాను. నీ మరిది కొలతలు రెండుసార్లు తప్పు తీశాడు, బావగారికి చెప్పకు.

నిన్న నీళ్ళలోకి దించాం. తన పని చూసుకోవాలని మస్తాన్ భార్యతో సహా వచ్చాడు. ట్రాలీ చక్రాలు మునిగేదాకా వెనక్కి పోనిచ్చాం, పడవ తనంతట తానే తేలింది. ఎవరూ నెట్టలేదక్కా!

"ఎక్కొచ్చునా అమ్మా? పుట్టినకాడి నుంచి పడవ ఎక్కిందే లేదు" అన్నాడు మస్తాన్. ఎక్కి, రెండు అంచులూ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒడ్డు మీద నుంచి వాళ్ళావిడ, "కండ్లు తెరువు! నీళ్ళు శానా బాగుండాయి!" అని ఒకటే కేకలు. నీ మరిది నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. నడినీళ్ళలో తెడ్డు పైకెత్తి కూర్చుని ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఒడ్డుకొచ్చాక మస్తాన్ నాతో అన్నాడు: "మీ ఆయన ఇంగ యాడికీ పోడంట కదమ్మా, ఈడనే ఉంటామంటాండాడు."

చూశావా, నాకు చెప్పకుండా మస్తాన్‌కు చెప్పాడు!

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో మమ్మల్ని తలుచుకో. పెద్దవాళ్ళందరి దీవెనలు మాకు కావాలి.

నీ చెల్లెలు,
మార్త