గుల్ల లేని నత్త

ఇస్ఫందార్ 4, 1348 ఫసలీ

చలి. పుష్యమాసం, పొద్దెక్కినా మంచు విడలేదు. కొట్టం కప్పు సర్దాను. నేను బందరులో ఉన్నన్నాళ్లూ ఎవరూ దాని మొహం చూసినట్టు లేదు.

జాడీలో పెట్టి తెచ్చిన ప్రాణి బతికే వచ్చింది. రైల్లో ఒళ్లో పెట్టుకుని, బెజవాడ నుంచి బస్సులో రెండు చేతులా పట్టుకుని... సముద్రపు నీళ్లు ఇంకో కుండెడు వేరే తెచ్చాను. నా ఇంటిది సత్తెమ్మ సముద్రం చూడలేదు. దసరా వెళ్లాక, నేను లెక్కలు రాసే కొట్టు సేటు నన్ను ఉప్పు వ్యాపారం మీద బందరు పంపినప్పుడు, "ఆడికెల్లి ఏదన్న పానమున్నది తే. గవ్వలొద్దు" అంది.

మూత తీసింది. "అవ్వో, జలగ!" అని వెనక్కి గెంతింది. నవ్వింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఐదో నెల అట.

జాడీ మూత నేనే మళ్లీ పెట్టాను.

ఇస్ఫందార్ 5

నాకు ఉత్తరమైనా రాయించలేదు. అమ్మకూ నిన్ననే తెలిసిందట. ఎందుకని సత్తెమ్మను అడిగాను. "ముందటి రెండు సార్లు తొందరపడి అందరికీ చెప్తిమి. రెండూ నిలవకపాయె. ఐదో నెల పడేదాక నోరు మెదపనని మైసమ్మకు మొక్కుకున్న. నీకు గూడ చెప్పొద్దనుకున్న."

జాడీలోది నా వేలంత పొడుగు ఉంది. బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగు. ఒళ్లంతా చినిగిన గుడ్డ పేలికల్లాంటి పోగులు. వాటి మధ్య నీలం చుక్కలు — ఎండ పడితే మెరుస్తాయి. జలగ కాదు. వేలు పెట్టి చూశాను, కరవలేదు. తల మీద నత్తకున్నట్టే కొమ్ములు. గుల్ల మాత్రం లేదు.

బందరులో చేపలమ్మే ఆవిణ్ణి దీని పేరడిగాను. "పనికిరాని దానికి పేరెందుకండీ బాబూ. తినరు, కొనరు."

ఇస్ఫందార్ 6

దానితో తెచ్చిన రాయి మీది పాకుడు తింటోంది. గొర్రె మేసినట్టు, తల అటూ ఇటూ ఊపుతూ.

ఇస్ఫందార్ 7

అమ్మ పుల్లతో కదిపింది. ఒక్కసారిగా జాడీ నిండా వంకాయ రంగు. నీళ్లు కనబడలేదు, అది కనబడలేదు. అమ్మ కేకకు పక్కింటి ఎల్లమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నెత్తురు కక్కుతాందిరో! కడుపుతోనున్న పిల్ల ఇంట్ల ఇదేం ఖర్మ!" అంది అమ్మ.

నా ధోవతి అంచు ముంచి ఆరేశాను. నెత్తురైతే ఎండి నల్లబడేది. ఇది సిరాలా అట్లాగే ఉంది. చూపించినా అమ్మ నమ్మలేదు. కుండలోవి పోసి నీళ్లు మార్చాను. అది మామూలుగానే మేస్తోంది.

ఇస్ఫందార్ 9

పొద్దున రాయికి చుట్టుకుని పసుపుపచ్చ దారం. రంజానుకు వండే సేమియా చిక్కుపడ్డట్టు ఉంది. దగ్గరగా చూస్తే దారం పొడుగునా సన్నటి చుక్కలు. గుడ్లు!

ఎల్లమ్మ జాడీలోకి తొంగి చూసి పడీ పడీ నవ్వింది. "మొగనత్త ఏదయ్య? బందరుల మర్చిపోయొచ్చినవా? మొగడు లేందే గుడ్లెట్ల పెట్టె?"

సత్తెమ్మ కూడా నవ్వింది. అమ్మ నవ్వలేదు. సత్తెమ్మ కడుపు వైపు చూస్తూ అంది — "ఎందుకు పెట్టదే? మొగడు బందరు పోయినంక గూడ కడుపులు రాకుంటున్నయా? ఇది ఐదో నెల కడుపా? మూడో నెలంత గూడ లేదు."

ఎల్లమ్మ నవ్వు ఆపేసి తన గుమ్మం వైపు జరిగింది.

మా అమ్మ నోట ఆ మాట. జాడీ నా చేతుల్లోనే ఉంది. సత్తెమ్మ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను జాడీలోకి చూశాను.



ఇస్ఫందార్ 10

బడి మాస్టరు దగ్గర జంతువుల బొమ్మల ఇంగ్లీషు పుస్తకం ఉంది. చినిగిన పేలికల్లాంటి ఒళ్లు, కొమ్ములు, వంకాయ రంగు — చెప్పాను. బొమ్మ దొరికింది. అదే! సముద్రపు కుందేలు అంటారట. కొమ్ములు కుందేలు చెవుల్లా ఉంటాయని.

"ఆడదా మొగదా, మాస్టరుగారూ?"

"రెండూనట. ఒక్కదాంట్లనే."

మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పారు.

"అయినా జత కావాలె. జత కట్టినంక ఆ విత్తనం లోపల దాచుకుంటదట. ఎన్నడో, కుదిరినప్పుడు గుడ్లు పెడ్తది. ఏందయ్య లింగయ్య, గీ చలిల గా చెమటలేంది?"

బందరు బురదలో అవి ఒకదాని మీదొకటి కుప్పగా ఉండటం నేనే చూశాను. గుడ్లు అక్కడివే. నేను తెచ్చేనాటికే దాని లోపల ఉన్నాయి. దారంతా పరుగులాంటి నడక. ఇంట్లో అడుగు పెడుతూనే అంతా చెప్పేశాను. ఇంత పొడుగు మాట ఈ ఇంట్లో నేనెప్పుడూ మాట్లాడలేదు.

అమ్మ — "పెండ్లానికి నత్తను సాక్ష్యం తెస్తివా, బిడ్డా?"

సత్తెమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తలేదు. "నాకు నత్త సాక్ష్యమెందుకు? నువ్వు లేవా? నిన్న ఎందుకు పల్కలేవు?" చేట కింద పెట్టింది. "లెక్క చూస్తున్నవా?"

చూడలేదు. ఆ క్షణం దాకా చూడలేదు. ఆమె అనగానే దసరా, దీపావళి, కార్తీకం — వాటంతటవే వచ్చి తలలో వరుసగా నిలబడ్డాయి. ఇన్నేళ్లు లెక్కలు రాసిన తల. ఆగమంటే ఆగదు. లెక్క సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉందని చూసుకున్నాను. అదే... దాన్ని ఎట్లా...

ఇస్ఫందార్ 11

కేతేపల్లి నుంచి బామ్మర్ది అంగడికి బండి కట్టుకొచ్చాడు. పోయేటప్పుడు అక్కను ఎక్కించుకున్నాడు.

"బావా, అక్క వస్తనంటాంది. తోల్కపోతున్న." నా మొహం చూడలేదు.

ఎల్లమ్మ గుమ్మంలో నిలబడి — "ఏడో నెలల పోవాలె గని, ఐదో నెలల పుట్టింటికి పోవుడేందమ్మా? ఊరేమంటది?"

"ఊరు అనేదేమున్నది పిన్నీ. ఇంట్లనే అనిరి" అంది సత్తెమ్మ.

చీరల మూట నేనే బండిలో పెట్టాను. అప్పుడైనా ఒక్క మాట... మూట సరిగ్గా పెట్టానా అని చూసుకున్నాను.

ఇస్ఫందార్ 12

అది జాడీ అడుగున పడి ఉంది. మేయడం లేదు. కుండలో నీళ్లు అయిపోయాయి. బావి నీళ్లలో సేటు ఉప్పే కలిపి నాలుకతో చూశాను. ఉప్పదనం కలిసింది. సముద్రపు చేదు కలవలేదు. పోయడానికి ధైర్యం చాల్లేదు.

ఇస్ఫందార్ 13

చచ్చిపోయింది. గుడ్లు ఉన్నాయి.

అమ్మ అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. "పోయి తోల్కరా."

తలెత్తాను.

"ఏం చూస్తవ్? నేను అత్తను. కోపమొస్తె నూరు అంట. 'నోర్ముయ్యే అమ్మా' అని నువ్వు ఒక్కటంటే అయిపోతుండె. ఇల్లు నిలబడుతుండె. నువ్వెందుకు పల్కకపోతివి?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట అన్నది అమ్మ. అడుగుతున్నదీ అమ్మే. ఆమె కళ్లలో నీళ్లు. ఇదేమిటో నాకు... ఇద్దరూ నన్ను ఒకే మాట అడుగుతున్నారు.

ఇస్ఫందార్ 14

మంచు. ఎల్లమ్మ మరిది బండి ఇస్తానన్నాడు. ఎండ రాకముందే బయల్దేరితే పొద్దుగూకేసరికి కేతేపల్లి.

ఏం చెప్పాలో రాత్రంతా అనుకున్నాను. నీ మీద అనుమానం లేదంటే, అనుమానం అనే మాట నేనే తెచ్చినట్టవుతుంది. లెక్క చూడలేదంటే అబద్ధం. చూశాను, సరిగ్గా ఉంది అంటే... ఛీ.

ఇంటికి పోదాం పద — ఇదొక్కటే నోరు తిరుగుతోంది. మామ ముందు, బామ్మర్ది ముందు అదైనా అనాలి. పైకి. అందరికీ వినబడేట్టు. గడపలో ఇప్పుడే ఒకసారి అని చూశాను. గొంతు నాది కానట్టుంది.

ఆమె మళ్లీ అడుగుతుంది, ఎందుకు పల్కలేవని. అడగకపోతే ఇంకా — ఎల్లమ్మ మరిది పిలుస్తున్నాడు. ఇరుసుకు ఆముదం పెట్టి, ఎడ్లను కట్టాలి.