వెంట్రుకంత వదులు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. రెండోసారి ఒళ్లు మండింది. సున్నా కన్నా ఒకటి పెద్దదని నువ్వు రాస్తే, ఆ మాస్టారు ఎర్రసిరాతో "ఎందుకు?" అని రాశాడా? ఒక్క కాగితం మీద పద్నాలుగు ఎందుకులా? మీ నాన్న పోయి నాలుగు నెలలైంది, అడిగే దిక్కులేని పిల్ల అనుకున్నాడేమో. నా కూతురు బుద్ధెరిగి అబద్ధమాడలేదు.

అందుకే సున్నా కన్నా ఒకటే పెద్దదని మన వీధిలో పదకొండుమంది చేత సంతకాలు పెట్టించి పంపుతున్నాను. గడియారాలు బాగుచేసే తాతగారు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివి, ఈ సంగతి తనకు చిన్నప్పటినుంచీ తెలుసన్నారు. మాస్టారికి చూపించు. చాలకపోతే నేనే వస్తాను.

నీ వెనకే ఉన్న అమ్మ

తా.క. ఇస్త్రీ అత్తయ్య వేలిముద్ర వేసింది. అదీ లెక్కలోకే వస్తుంది.

అమ్మా,

దయచేసి బయల్దేరకు. మాస్టారు నన్ను అబద్ధాలకోరు అనలేదు. ఈ లెక్కల క్లాసు పేరు రియల్ అనాలిసిస్. ఇక్కడ నిజమైతే చాలదు, ఎందుకు నిజమో ముందుగా ఒప్పుకున్న నియమాల నుంచి మెట్టుమెట్టుగా చూపించాలి. లోకమంతా సంతకం పెట్టినా అది రుజువు కాదు.

సున్నా సంగతి ఎలాగో నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంకోటి. ఒకటి, అందులో సగం, ఆ సగంలో సగం, అలా పోతూ ఉంటే సున్నాకి ఎంత దగ్గర కావాలంటే అంత దగ్గరవుతామని చూపించాలట. పదో మెట్టుకి బాగా దగ్గరైందని రాశాను. ఇంకా దగ్గర అన్నారు. ఇరవై అన్నాను. ఇంకా అన్నారు. ఈయన అడగడం ఆగదు, నా బుర్రకి ఎక్కదు. శుక్రవారం మానేస్తున్నట్టు రాసిచ్చి వచ్చేస్తాను. నాన్న మిషన్ మీద కూర్చుని కుట్టుకుంటాను.

నీ కూతురు

తా.క. సంతకాల కాగితం చూసి నా గదిలో పిల్ల తనకూ ఒకటి కావాలంటోంది.

చిట్టితల్లీ,

ఇంతేనా? అలాంటి బేరం మన కొట్టుకీ ఉండేది. కోర్టు గుమాస్తా. కోటు వదులుగా ఉందని రోజూ వచ్చేవాడు. మీ నాన్న ఒక్కనాడూ సరిపోయిందని వాదించలేదు. "అంగుళం వదులుంది. వచ్చినప్పుడల్లా ఉన్నదాంట్లో సగం తీస్తాను. ఎంత వదులు ఓర్చుకుంటారో ముందు మీరు చెప్పండి, ఎన్నిసార్లు రావాలో నేను చెబుతాను" అన్నారు. దారమంత అంటే ఆరుసార్లు. వెంట్రుకంత అంటే తొమ్మిది. అతను ఇంకా సన్నం అన్నాడు, ఈయన ఇంకో అంకె చెప్పారు. చివరికి గుమాస్తాయే అలసిపోయి కోటు తొడుక్కుని వెళ్లాడు.

నువ్వేమో మాస్టారు అడక్కముందే పది అనేశావు. ముందు ఆయన్ని అడగనియ్యి.

ఇది రాస్తుంటే మీ నాన్న గొంతు చెవిలో పడింది. కాసేపు కలం పక్కన పెట్టాను.

అమ్మ

తా.క. వేలిముద్ర చెల్లదని చెబితే అత్తయ్య "ఎందుకు?" అని పోట్లాటకొచ్చింది. ఆవిణ్ణి మీ క్లాసులో చేర్చుకోవాలి.

అమ్మా,

"ఎంత చిన్న తేడా అయినా మీరు చెప్పండి, ఏ మెట్టు నుంచి అంతకు లోపలే ఉంటామో నేను చెబుతాను" అని మొదలుపెట్టి, ఆ మెట్టు ఎలా లెక్కగట్టాలో రాశాను. కాగితం మీద ఒక్క ఎందుకూ లేదు. మాస్టారు నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి క్లాసంతటికీ చెప్పించారు. ఎవరు నేర్పారని అడిగారు. "మా నాన్న. దర్జీ" అన్నాను.

అయినా నాకు ఇక్కడ మనసు నిలవడం లేదు. నాన్న మిషన్ మూలపడి ఉంటే, దాన్ని చూస్తూ నువ్వొక్కదానివీ ఆ గదిలో ఎలా ఉంటావు? శుక్రవారం వచ్చేస్తాను.

నీ కూతురు

తా.క. వద్దంటే ఊరికే వద్దనకూడదు. రుజువు చేయాలి.

చిట్టితల్లీ,

చేస్తున్నాను, తప్పుంటే ఎర్రసిరాతో దిద్దు. ఒక మిషన్ మీద ఒక్కరే కూర్చోగలరు. ఇది అందరూ ఒప్పుకున్నదే. మీ నాన్న మిషన్ మీద నెల్లాళ్లుగా నేను కూర్చుంటున్నాను. కాబట్టి నీకు చోటు లేదు.

గుండీలు కుట్టడం తప్ప చేతకానిదాన్ని, నీతో చెప్పడానికి సిగ్గేసింది. మొదటి కోటుకి ఒక చెయ్యి పొడుగు. రెండోదానికి రెండూ పొడుగు. మూడోది తొడుక్కున్న బస్సు కండక్టరు నిన్న అద్దం ముందు నుంచి కదల్లేదు. ఎవరు కుట్టారని అడిగాడు. నేనే అన్నాను. అంత గట్టిగా ఎందుకన్నానో నాకే తెలియదు.

నిన్ను బోర్డు దగ్గర నిలబెట్టారని వీధి వీధంతా చెప్పాను. నువ్వు అక్కడే నిలబడు.

దర్జీ అమ్మ

తా.క. లెక్కల్లో పడి భోజనం మరిచిపోతావు. వేళకి కడుపునిండా తిను.