మా అమ్మాయి సీసం దిండు

అల్లుడూ, మనిషి ఎంత తేలికైతే అంత క్షేమంగా ఎగురుతాడని నీకెవరు చెప్పారు?

నిన్న మీ ఇంజను లేని విమానాల, అదే గ్లైడర్ల, మైదానానికి వెళ్లాను. మీ శిక్షకుడు నన్ను పక్కకు పిలిచాడు. "అయ్యగారూ, మీ అమ్మాయి పోయాక మీ అల్లుడు సగమైపోయాడు. బెల్టు ఎంత బిగించినా వదులే. తూకమెక్కమంటే, 'నేనేమన్నా ఉల్లిపాయల బస్తానా?' అని తప్పించుకుంటున్నాడు" అన్నాడు. సీటులో డెబ్బై కిలోలు లేకపోతే తోక బరువై గ్లైడర్ ముక్కు పైకెత్తుతుందట. గిరగిరా తిరగడం మొదలైతే ఎవరి చేతికీ లొంగదట.

ఇది నీకు తెలియనిదా? పిచ్చుకలా ఉండే మా అమ్మాయి సీసం నింపి కుట్టిన దిండు సీటుకు కట్టుకోనిదే ఎగిరేది కాదు. "మా మరదలు కూడా వచ్చిందోయ్" అని నువ్వు ఆ దిండును చూసి నవ్వేవాడివి. ఆమె బట్టలతోపాటు దాన్నీ మా ఇంటికి పంపేశావు. ఎందుకు పంపావని అడగడానికి నాకు గుండె చాలడం లేదు.

"మీ భారం దించుకోండి" అని వీధివీధినా సువార్త చెబుతూ గొంతు చించుకున్నవాణ్ణి నేను. బిడ్డను మట్టిలో పెట్టాక నా భారమే దించుకోలేకపోయాను. ఒకరి భారం ఒకరు మోయాలన్నదీ లేఖనమే నాయనా. దేవుడి తక్కెడలో తేలిపోయి ఆ రాత్రే ప్రాణం పోగొట్టుకున్న రాజు గతీ అందులోనే ఉంది.

దిండును ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆ కుట్లు అమ్మాయి చేతివి. ఇవాళ ఆకాశం తేటగా ఉంది, నువ్వు ఇంట్లో ఆగవు. లే! ముందు తూకమెక్కు. ఎంత తగ్గావో శిక్షకుడికి చూపించి, దీన్ని సీటుకు గట్టిగా కట్టించుకో. ఈరోజే మా అమ్మాయి బరువు నీతో తీసుకెళ్లు, తిరిగి నేల మీదికి దిగు!