తూర్పుకు వాలిన నేల

గుంటూరు, బ్రాడీపేట
ఏప్రిల్ 9

ప్రియమైన జ్యోతీ,

ఫోనులో నీ మాటలకు అడ్డుపడలేక, హాస్టల్ రోజుల్లోలా మళ్ళీ కాగితం పట్టాను. వచ్చే వారం మీ ఊరే వస్తున్నాను. మూతపడిన పురుగుమందుల ఫ్యాక్టరీ చుట్టూ పన్నెండు బోర్లు వేసి, కింద ఏ మట్టి ఎంత లోతున ఉందో, నీళ్ళు ఎటు పారుతున్నాయో పటం గీయాలి. నిరుడు హడావిడిగా రిపోర్టు రాసింది కూడా నేనే. నేల తూర్పున వాగు వైపు వాలి ఉంది కనుక విషమూ అటే పోతుందని రాశాను. అది చూసే అటుపక్క కాలనీలో ఉన్న రెండు బోర్లూ అధికారులు మూయించారు.

మీ మిరప చేను పడమర. నీకేం భయం లేదు. అయినా నీ బోరు నీళ్ళు కూడా ఒక సీసా పడతాను. గోంగూర పచ్చడి సిద్ధంగా ఉంచు.

నీ నస్రత్

ఏప్రిల్ 28

ప్రియమైన నస్రత్,

నువ్వు వెళ్ళి వారమైనా మా ఆయన నవ్వు ఆపలేదు. "నీ స్నేహితురాలేందే, మట్టిని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టెలో పెడతది!" అంటాడు.

కాలనీ వాళ్ళు పొద్దున్నే బిందెలతో మా బోరు దగ్గరకు రావడం చూశావుగా. వాళ్ళ బోర్లు మూసినప్పటి నుంచీ ఇంతే. మొదట్లో మా అత్త "మన మోటారు దగ్గరకు వాళ్ళేంది?" అని గొణిగింది. నేను వినలేదు. ఇప్పుడు తనే మోటారు వేస్తోంది. కాలనీలో వీరమ్మ అయితే చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయించిందట. "మా పిల్లల గొంతు తడిపావు తల్లీ" అంటుంటే, నా బతుకులో ఇంతకన్నా మంచి పని చేయలేదనిపించింది.

ఒక మాట. ఈ మధ్య ఆ పిల్లల్లో కొందరికి వాంతులు, కాళ్ళు లాగడం. ఎండ దెబ్బ అనుకుంటున్నాం. నువ్వు పట్టుకెళ్ళిన నీళ్ళ సంగతి తేలిందా?

నీ జ్యోతి

మే 16

జ్యోతీ,

నిన్న ఫోనులో "బోరు కట్టెయ్, ఎవరినీ చుక్క కూడా తాగనివ్వకు" అని మాత్రమే అనగలిగాను. "ఎందుకే, ఎందుకే" అని నువ్వు అరుస్తుంటే ఫోను పెట్టేశాను.

పైన నల్లరేగడి వాగు వైపే వాలి ఉంది. కానీ దాని కింద బంకమన్ను తూర్పున గట్టులా లేచి, పడమరకు వాలింది. ఆ బంకమన్ను మీద ఇసుక పొర. నీళ్ళు పారేది ఆ ఇసుకలోనే, మీ చేను వైపు. పన్నెండు బోర్లలో నీటిమట్టం మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ అదే. మీ మోటారు ఆడేకొద్దీ ఇంకా లాగుతోంది. నీ సీసాలో పురుగుమందు ఉంది. రంగు లేదు, వాసన లేదు.

కాలనీ బోర్లు ఆ గట్టుకు అవతల ఉన్నాయి. తెరిపించి పరీక్ష చేయించాను. శుభ్రంగా ఉన్నాయి, జ్యోతీ. మంచినీళ్ళు మూయించి వాళ్ళను నీ బోరు దగ్గరకు పంపింది నేనే. తప్పు నాదని ఆఫీసులో రాసిచ్చాను. వాళ్ళకు నువ్వే చెప్పగలవా? నాకు మొహం లేదు.

నస్రత్

జూన్ 1

నస్రత్,

చర్చి ముందు నిలబడి అంతా చెప్పాను. చివరికి వీరమ్మ కొడుకు ఎలీషా లేచాడు. కొడతాడేమో అనుకున్నాను.

"నువ్వు తెలియక పోశావమ్మా" అన్నాడు. "మా బోర్లు మూయకముందే రెండు సీసాల్లో నీళ్ళు పట్టుకుని గుంటూరు పోయా. ఆ నస్రత్ మేడం చేతికే ఇచ్చా. ఒక్కసారి చూడండమ్మా అని బతిమాలా. చూస్తానన్నది."

ఇది నీ ఉత్తరంలో లేదు. మరిచిపోయావా? దాచావా?

తొమ్మిదిమంది పిల్లల్ని ఆసుపత్రిలో చేర్చారు. ఎనిమిదిమంది తిరిగొచ్చారు. ఎలీషా కూతురు క్రిస్టీనా ఇంకా అక్కడే ఉంది. నాలుగేళ్ళది. నిలబెడితే కాళ్ళు ఆనడం లేదు.

కాలనీ బోర్లు తెరిచారు. మొన్న వీరమ్మ మా గుమ్మంలో బిందె దించి, "మీకూ తాగను కావాలిగా" అంది. దాన్ని ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. మా అత్తే లేచి లోపలికి తెచ్చుకుంది.

మొహం లేదన్నావు. నాకు మాత్రం ఉందా? అయినా వెళ్ళాను. ఇక ఉత్తరాలు వద్దు. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళంతా చర్చి ముందే ఉంటారు. వచ్చి, ఆ రెండు సీసాలూ ఏం చేశావో ఎలీషాకు నీ నోటితో చెప్పు. నీ పక్కన నిలబడతాను. మాట సాయం మాత్రం చేయను.

జ్యోతి