ఎగ్జిట్ ఫారం

గ్రేటర్ నోయిడా,
జూలై 19, 2025.

నాన్నగారికి,

నమస్కారం. ఇంట్లో అందరూ కులాసా అనుకుంటాను. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటారు, అందుకే ఉత్తరం. కాగితం మీద ఉంటే తప్ప మీరు ఏదీ నమ్మరు కదా.

మీరూ మీ శాఖవాళ్లూ కూర్చుని రాసిన నియమం మా కాలేజీలో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్లకి ఏడాదికే సర్టిఫికెట్, వీలైనప్పుడు మళ్లీ చేరే అవకాశం. పేదపిల్లల కోసమేనని ఎన్నిసార్లు చెప్పారో! మా కాలేజీవాళ్లకి అందులో వేరే ఉపయోగం కనిపించింది. కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం వచ్చేలోపు మార్కులు తక్కువైనవాళ్లని వదిలించుకోవాలి. గెంటేస్తే చెడ్డపేరు. తమంతట తామే వెళ్తున్నట్టు రాయించుకుంటే, మీ నియమం ప్రకారం అది విద్యార్థి ఇష్టం. బీసీఏ మొదటి ఏడాదిలో పద్దెనిమిది మందిని పిలిచి ఎగ్జిట్ ఫారాలు పంచారు.

నా రూమ్మేట్ కావేరి పాసైంది నాన్నగారూ. ఒక్క సబ్జెక్టూ పోలేదు. అయినా ఆదోని నుంచి వాళ్ల నాన్న మల్లికార్జున గారిని రప్పించారు. ఆయనకి హిందీ రాదు, ఇంగ్లీషూ రాదు. కోఆర్డినేటర్ మేడం ఠీక్ హై అంకుల్ అంటూ టీ ఇప్పించి సంతకం పెట్టించుకుంది. బయటికొచ్చి ఆయన నన్నడిగారు, సెలవులు ఎన్ని దినాలు పాపా, మళ్లా ఎప్పుడు పిల్చుకొని రావల్ల అని. మళ్లీ చేర్చుకుంటారా అని నేనే ఆఫీసులో అడిగాను. అప్పటికి ఖాళీ ఉంటే చూద్దామన్నారు.

సోమవారం అశోకా రోడ్డులో మన తెలుగు క్యాంటీన్‌లో భోంచేస్తూ ఇదంతా మీకు చెప్పాను. కొత్త పద్ధతి కుదురుకోడానికి టైమ్ పడుతుంది, ముందు డేటా రానీ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మూడు రోజులు ఏడ్చి మూట సర్దుకున్న పిల్ల మీకు డేటా! అన్ని పేజీలు రాశారే, వెళ్లేవాళ్లని ఒక్కసారి పక్కకి పిలిచి నిజంగా వెళ్తావా అని అడగాలని ఎవరికీ తోచలేదా? ఇంతకంటే మర్యాదగా రాయడం నా వల్ల కాదు. ఆ ఫారాలు తెప్పించుకుని చదవండి.

కోపం ఏమాత్రం తగ్గని
శ్రీవల్లి

తా.క.: ఆ పద్దెనిమిది మందిలో నేనూ ఉన్నాను. నా మార్కులు కావేరి కంటే తక్కువ. సోమవారం మీరు సంతకం పెట్టింది హాస్టల్ కాగితం మీద కాదు. చదివి పెట్టండి నాన్నగారూ అని రెండుసార్లు అన్నాను. చదివితే చించేస్తారనుకున్నాను. మీకు ఇంగ్లీషు వచ్చు. సాంబారు పోయించుకుంటూ, ఎక్కడ పెట్టాలమ్మా అన్నారు. నిన్న దాన్ని ఆఫీసులో ఇచ్చేశాను.