డ్రయ్యర్‌కి ఎడమ పక్క బెజ్జం

తుష్నాబాద్, అండమాన్,
ఆదివారం.

పూర్ణచంద్ర సార్‌కి నమస్కారం.

మా ఆయన తిరుమలరావు పేరు మీద మీ పరిశోధన సంస్థ పంపిన ఉత్తరం అందింది. ఆయన పోయి మూడేళ్లయింది. ఇంగ్లీషు ఉత్తరం మా అమ్మాయి సింధూరి చదివి నాకు హిందీలో చెప్పింది. మీరు తెలుగువారని తెలిసి ఇలా రాస్తున్నాను.

మీరు కొత్తగా కొబ్బరి డ్రయ్యర్ కనిపెట్టేరట. దాన్ని తయారుచేసి అమ్మే కంపెనీ కోసం పేటెంట్ల లిస్టంతా వెతికితే, అలాంటి దానికే పేటెంటు ఉన్న మా ఆయన పేరు దొరికిందట. మాకు కంపెనీ ఎక్కడిది సార్? ఆయన వెల్డరు. వానల్లో కొబ్బరి బూజు పడుతుంటే చూడలేక పాత డ్రమ్ములు కోసి ఒక డ్రయ్యర్ చేసేరు. ఎవరో ఆఫీసరు గారు చూసి ముచ్చటపడి, దాని బొమ్మ గీయించి కలకత్తా పేటెంటు ఆఫీసుకి కాగితాలు పంపేరు. అంతే.

ఇప్పుడు టెక్నాలజీ ఇస్తామంటున్నారు. మీరు మాకివ్వడమా, మేం మీకివ్వడమా? రెండుసార్లు చదివించుకున్నా నాకు బోధపడలేదు. పక్కింటి ధనరాజు భయ్యా, "సర్కారు కాగితం దీదీ, సైన్ కర్ దో" అన్నాడు. నేను సంతకం పెట్టలేదు.

ఇంకొక్క సంగతి. మీరు పంపిన బొమ్మలో డ్రయ్యర్‌కి ఎడమ పక్కన, కిందుగా, చిన్న బెజ్జం ఉంది. మాదానికీ సరిగ్గా అక్కడే ఉంది. అది ఆయన చెయ్యి జారి పడింది. వేడి పోతుందని నేను ఇప్పటికీ దాంట్లో గుడ్డ కుక్కుతాను.

మీరెందుకు పెట్టేరు సార్?

తిరుమలరావు భార్యని